శుక్రుడి మీద ఎండ తక్కువే

1970 డిసెంబర్ 15న సోవియట్ యూనియన్ పంపిన వెనెరా-7 శుక్రగ్రహం మీద దిగింది. దిగింది అనడం మర్యాదకే. పారాచూట్ దెబ్బతిని దబ్బున పడింది. సంకేతాలు ఆగిపోయాయి, పని అయిపోయిందనుకున్నారు. తర్వాత రికార్డు టేపులను జల్లెడ పడితే, హోరులో కలిసిపోయిన సన్నటి సంకేతం ఒకటి దొరికింది. పక్కకు ఒరిగి పడినా ఆ నౌక ఇంకో 23 నిమిషాలు సమాచారం పంపుతూనే ఉంది. లోపల ఒక స్విచ్చి ఇరుక్కుపోవడంతో అది పంపగలిగిన కబురు మాత్రం ఒక్కటే: ఉష్ణోగ్రత. 475 డిగ్రీల సెల్సియస్. సీసం కరగడానికి 327 డిగ్రీలు చాలు.

శుక్రుడు మనకన్నా సూర్యుడికి దగ్గర కదా, ఆ మాత్రం వేడి ఉండదా అనిపిస్తుంది. అలాగైతే బుధుడు ఇంకా వేడిగా ఉండాలి. సూర్యుడి నుంచి బుధుడి దూరం శుక్రుడి దూరంలో సుమారు సగమే. అక్కడ పగలు 430 డిగ్రీలదాకా కాగినా, రాత్రి సున్నాకు దిగువ 180కి పడిపోతుంది. శుక్రుడి మీద రాత్రి అంటే మన లెక్కలో దాదాపు రెండు నెలలు. అంత పొడుగు రాత్రి గడిచినా అక్కడి నేల చల్లారదు. పగలూ రాత్రీ, ధ్రువాల దగ్గరా మధ్యరేఖ దగ్గరా, 460 డిగ్రీలకు అటూఇటూగా ఒకే కొలిమి.

అసలు ఆశ్చర్యం ఇది కూడా కాదు. శుక్రుడిని కప్పిన సల్ఫ్యూరిక్ ఆమ్లపు మేఘాలు తమ మీద పడిన ఎండలో ముప్పాతిక వంతును అంతరిక్షంలోకి తిప్పికొడతాయి. మిగిలిన దాన్ని గ్రహం మొత్తానికి పంచితే చదరపు మీటరుకు సుమారు 160 వాట్లు వస్తుంది. భూమికి ఇదే లెక్క 240 వాట్లు. అంటే శుక్రుడు పుచ్చుకునే ఎండ మనకన్నా తక్కువ. అందులోనూ నేలదాకా చేరేది రెండు మూడు శాతమే. ఎండ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే శుక్రుడు గడ్డకట్టి, సున్నాకు దిగువ 40 డిగ్రీల దగ్గర ఉండాలి. ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ మధ్య 500 డిగ్రీల తేడా. ఆ తేడా అంతా అక్కడి గాలి చేసిన పని.

భూమి మీద కూడా ఇదే పని జరుగుతోంది, కాకపోతే మన ప్రాణాలు నిలిపే మోతాదులో. అందుకున్న 240 వాట్లను అలాగే తిరిగి పంపేయాలంటే భూమికి సున్నాకు దిగువ 18 డిగ్రీల ఉష్ణోగ్రత సరిపోతుంది. నిజానికి భూమి సగటు 15 డిగ్రీలు. 33 డిగ్రీలు అదనం. గాలి లేకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, చందమామ ఉంది. శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 అక్కడి మట్టిలోకి ఒక థర్మామీటర్ల కడ్డీని దించింది. పైపొర 50 డిగ్రీలకు పైగా కాలుతుంటే, 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు దిగువ 10 డిగ్రీలు. అది పగటిపూట లెక్క. రాత్రయితే పై మట్టి కూడా వందకు పైగా డిగ్రీలు సున్నా కిందికి జారిపోతుంది. పట్టి ఉంచే గాలి లేదు మరి.

ఇంతకీ గ్రీన్‌హౌస్ ప్రభావం అనే ఈ గాలి పట్టి ఉంచడం అంటే ఏమిటి? ఎండ లోపలికి వస్తుంది, నేల వేడెక్కుతుంది, ఆ వేడి పరారుణ కిరణాలుగా పైకి పోబోతుంటే కొన్ని వాయువులు దుప్పటిలా అడ్డుపడతాయి అని బడి పుస్తకాలు చెబుతాయి. అబద్ధమేమీ కాదు గానీ, సగం నిజం. ఆ సగంతో సరిపెట్టుకున్నందుకే ఒకప్పుడు మంచి శాస్త్రవేత్తలు కూడా దాదాపు యాభై ఏళ్ళు దారి తప్పారు.

గాలి ఉండటం వల్ల భూమి ఎక్కువ వెచ్చగా ఉంటుందని 1824లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఫోరియర్ వాదించాడు. ఏ గాలి అన్నది ఆయన తేల్చలేదు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ రెండు గాజు గొట్టాలు, నాలుగు థర్మామీటర్లు, ఒక గాలిపంపు పెట్టుకుని గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం అన్నిటికన్నా వేడెక్కి 52 డిగ్రీలదాకా పోయింది. నీడలోకి తెచ్చాక చల్లారడానికి కూడా మిగతావాటికన్నా చాలా సేపు పట్టింది. ఒకప్పుడు మన గాలిలో ఈ వాయువు ఎక్కువగా ఉండి ఉంటే భూమి ఇంకా వేడిగా ఉండేదని ఆవిడ రాసింది. ఆ పరిశోధనను శాస్త్రవేత్తల సభలో ఆవిడ చదవలేదు, ఆవిడ తరఫున జోసెఫ్ హెన్రీ చదివాడు. తర్వాత అందరూ మర్చిపోయారు. 2011లో ఒక భూగర్భ శాస్త్రవేత్త పాత సంచికలు తిరగేస్తూ పట్టుకునేదాకా ఫుట్ పేరు ఈ కథలోనే లేదు.

ఆవిడ ప్రయోగంలో ఒక లోటు ఉంది. గొట్టం మీద పడేది ఎండ, నేల నుంచి వచ్చే పరారుణం కాదు. ఆ రెండింటినీ విడదీసింది లండన్‌లో జాన్ టిండాల్. 1859లో ఆయన ఒక పొడవాటి గొట్టానికి రెండు కొసలా రాతి ఉప్పు పలకలు బిగించాడు. గాజు పెడితే పరారుణాన్ని అదే మింగేస్తుంది, ఉప్పు మింగదు. ఒక వైపు వేడి వస్తువు, రెండో వైపు అతి సున్నితమైన వేడి కొలిచే పరికరం. గొట్టంలో నైట్రోజన్ నింపాడు, ముల్లు కదల్లేదు. ఆక్సిజన్ నింపాడు, దాదాపు అంతే. గాలిలో 99 శాతం ఈ రెండే. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం వేడిని తినేశాయి. భూమి వెచ్చదనం గాలిలో పిసరంత ఉన్న వాయువుల చేతిలో ఉందని తేలిపోయింది.

కారణం అణువు ఆకారంలో ఉంది. నైట్రోజన్ అణువులో రెండు ఒకేరకం పరమాణువులు. అవి ఎంత ఊగినా విద్యుదావేశం అటూ ఇటూ సమానంగానే ఉంటుంది, పరారుణ తరంగానికి పట్టు దొరకదు. కార్బన్ డయాక్సైడ్‌లో నడుమ కార్బన్, రెండు పక్కలా ఆక్సిజన్. ఈ అణువు నడుము వంచి ఊగగలదు. వంగినప్పుడు ఆవేశం ఒక పక్కకు మొగ్గుతుంది, తరంగానికి పట్టు చిక్కుతుంది. ఆ ఊపుకు సరిపోయే తరంగదైర్ఘ్యం 15 మైక్రాన్లు. భూమి బయటికి చిమ్మే వేడి ఎక్కువగా పోయే దారి సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఎండ తరంగాలు అర మైక్రాన్ దగ్గరివి, వాటితో ఈ అణువుకు పెద్దగా పనిలేదు. అందుకే వచ్చేటప్పుడు లేని అడ్డు పోయేటప్పుడు ఎదురవుతుంది.

వేడిని మింగిన అణువు దాన్ని తనలో దాచుకోదు. నేల దగ్గరి గాలిలో అణువులు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, తిరిగి కిరణంగా వదిలేలోపే అది పక్కనున్న నైట్రోజన్‌ను ఢీకొని ఆ శక్తిని దానికి ఇచ్చేస్తుంది. గాలి వేడెక్కుతుంది. అదే విధంగా పక్కవాటి తాకిడికి ఇంకో కార్బన్ డయాక్సైడ్ అణువు ఊపందుకుని కిరణం వదులుతుంది. అంటే ఏ ఎత్తున ఉన్న గాలి ఎంత వేడి చిమ్ముతుందన్నది ఆ ఎత్తున ఉన్న ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. వెచ్చటి గాలి ఎక్కువ, చల్లటి గాలి తక్కువ. కీలకం ఇక్కడుంది.

1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ నెలల తరబడి చేత్తో లెక్కలు వేసి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని చెప్పాడు. చలి దేశపువాడు కాబట్టి కాబోలు, అది మంచిదేననుకున్నాడు. నాలుగేళ్ళకే అదే దేశపు నూట్ ఆంగ్‌స్ట్రామ్ అడ్డం తిరిగాడు. గొట్టంలో ఈ వాయువు నింపి వేడి కిరణాలు పంపారు. తర్వాత వాయువును తగ్గించి చూశారు. మింగడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉన్న వాయువే మింగగలిగిందంతా మింగేస్తోంది, ఇంకా కలిపితే ఒరిగేదేముందని ఆయన ప్రశ్న. తప్పుడు వాదనే, కానీ తెలివితక్కువ వాదన కాదు. గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని దుప్పటి అని మాత్రమే అర్థం చేసుకున్నవారి దగ్గర ఈ రోజుకీ దానికి జవాబు ఉండదు.

జవాబు కావాలంటే నేల మీద నుంచి పైకి చూడటం మాని, అంతరిక్షం నుంచి కిందికి చూడాలి. నేల వదిలిన వేడిని కింది పొర మింగి తన వంతు వదులుతుంది, దాన్ని పై పొర మింగి మళ్ళీ వదులుతుంది. ఇలా చేతులు మారుతూ పోతే, ఎక్కడో గాలి పలచబడి, వదిలిన కిరణాన్ని పట్టుకునేందుకు పైన ఎవరూ మిగలరు. వేడి గ్రహాన్ని వదిలిపోయేది ఆ ఎత్తు నుంచి. భూమికి అన్ని తరంగాలనూ కలిపి సగటు తీస్తే అది నేలకు సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు. అక్కడి ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 18. పైన లెక్కలో వచ్చిన అంకె అదే. అక్కడి నుంచి కిందికి దిగుతుంటే కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి వెచ్చబడుతుంది. ఐదు ఆరున్నరలు ముప్పై రెండున్నర. సున్నాకు దిగువ 18 నుంచి అంత ఎక్కితే దాదాపు 15 డిగ్రీలకు చేరతాం.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను పెంచితే? నేల దగ్గర గాలి అప్పటికే ఆ తరంగాలన్నీ మింగేస్తోంది, అక్కడ కొత్తగా జరిగేది తక్కువే. ఆంగ్‌స్ట్రామ్ గొట్టంలో చూసింది ఆ కింది గాలినే. కానీ పైన, అంతకుముందు వేడి తప్పించుకుపోయిన ఎత్తున ఇప్పుడు వాయువు చిక్కబడుతుంది. వేడి బయటపడాలంటే ఇంకాస్త పైకి పోవాలి. పైన చలి ఎక్కువ, చల్లటి గాలి చిమ్మేది తక్కువ. వచ్చే ఎండ మాత్రం తగ్గలేదు. రాబడి అంతే ఉండి ఖర్చు తగ్గితే మిగిలేది గ్రహం ఖాతాలో చేరుతుంది. కొత్త ఎత్తున గాలి తగినంత వెచ్చబడి లెక్క సరిపోయేదాకా ఆ పోగు ఆగదు. కిలోమీటరుకు ఇన్ని డిగ్రీలన్న వాలు మాత్రం పెద్దగా మారదు కాబట్టి, పై పొర వేడెక్కిందంటే కింద నేలదాకా అన్నీ వేడెక్కాల్సిందే. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఈ సగటు ఎత్తు పెరిగేది 150 మీటర్లు. వినడానికి ఎంత? దాని విలువ ఒక డిగ్రీ. నీటి ఆవిరి లాంటివి తర్వాత ఆ డిగ్రీని పెంచి పెద్దది చేస్తాయి.

ఇదే లెక్క శుక్రుడికి వేస్తే వెనెరా కొలిచిన వేడి వింతగా అనిపించదు. అక్కడి గాలి 96 శాతం కార్బన్ డయాక్సైడ్, నేల మీద పీడనం మన దగ్గరికన్నా 90 రెట్లు. వేడి బయటపడేది మేఘాల నెత్తిన, 65 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తు నుంచి. కిందికి దిగే కొద్దీ కిలోమీటరుకు దాదాపు 8 డిగ్రీలు పెరుగుతుంది. గుణిస్తే 500 దాటుతుంది.

ఇవన్నీ కాగితం మీది మాటలు కావు. 1970లో ఎగిరిన నింబస్-4 ఉపగ్రహం భూమి నుంచి బయటికొచ్చే వేడిని తరంగాలవారీగా విడదీసి కొలిచింది. సహారా ఎడారి మీదుగా పోతున్నప్పుడు చాలా తరంగాల్లో దానికి కనబడింది మండుతున్న ఇసుక, 47 డిగ్రీల దగ్గర. 15 మైక్రాన్ల దగ్గరికి వచ్చేసరికి గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. అక్కడ కనబడింది సున్నాకు దిగువ 50 డిగ్రీల గాలి. ఎడారి కనబడలేదు, దాని నెత్తిన చాలా ఎత్తున ఉన్న కార్బన్ డయాక్సైడ్ కనబడింది. అంటార్కిటికా మీద అదే పరికరం తిరగబడ్డ బొమ్మ చూపింది. అక్కడ మంచు నేల పైగాలికన్నా చల్లన, అందుకని గుంట ఉండాల్సిన చోట మిట్ట వచ్చింది. ఈ సిద్ధాంతం గురించి అనుమానం ఉన్నవారికి ఆ రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూపించడం ఎన్ని ఉపన్యాసాలకన్నా మేలు.

గాలిలో 0.04 శాతం ఉన్న వాయువు ఏం చేయగలదని చాలామంది అడుగుతారు. వాళ్ళు అంగారకుడిని చూడాలి. అక్కడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. చదరపు మీటరు నేల మీద సుమారు 150 కిలోలు. భూమి మీద ఏడు కిలోలు కూడా లేదు. అయినా అంగారకుడికి దక్కిన అదనపు వెచ్చదనం ఐదు డిగ్రీలకు అటూఇటూ. గాలి పీడనం మన దగ్గరి దానిలో నూరో వంతు కూడా లేదు. అంత పలచటి గాలిలో అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం తక్కువ, అందువల్ల ఒక్కో అణువు మింగే తరంగాల పట్టీ సన్నబడిపోతుంది, పట్టీల మధ్య సందుల్లోంచి వేడి జారిపోతుంది. తోడుగా నిలవడానికి నీటి ఆవిరి కూడా లేదు. కాబట్టి శాతాన్ని చూసి తేల్చేది ఏమీ లేదు. ఎంత వాయువు, ఎంత ఒత్తిడిలో, ఏ తోడుతో అన్నవి మూడూ చూడాలి.

నీటి ఆవిరి తోడు ఎంతటిదో తెలుగువారికి లంబసింగి చెబుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండ ఊరు డిసెంబర్, జనవరి నెలల్లో సున్నా దరిదాపులకు పోతుంది. ఎత్తు ఒక కారణం. పొడిగాలి, మబ్బులేని ఆకాశం ఇంకో కారణం. నేల వేడి అడ్డులేకుండా పైకి పోతుంది. అదే ఊళ్ళో మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. విశాఖలో మే నెల రాత్రుల్లో చెమట ఆరదు, పొద్దు గూకినా నేల చల్లారదు. తడిగాలి తనే కిందికి వేడి చిమ్ముతూ ఉంటుంది. ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ కలిపి సగటు తీస్తే, నేల ఎండ నుంచి పుచ్చుకునేది చదరపు మీటరుకు సుమారు 160 వాట్లు. గాలి నుంచి, మబ్బుల నుంచి పుచ్చుకునేది 340. ఆకాశం నుంచి దిగే వేడి ఎండ వేడికి రెండింతలకు పైమాటే.

అలాంటప్పుడు నీటి ఆవిరే పెద్ద దొంగ కదా, కార్బన్ డయాక్సైడ్‌ను తిట్టడమెందుకు? ఆవిరి తన ఇష్టప్రకారం ఉండలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లబడితే అది వానై, మంచై రాలిపోతుంది. పది రోజులలోపే వచ్చిన నీరు వచ్చినట్టు పోతుంది. కార్బన్ డయాక్సైడ్ రాలదు, శతాబ్దాల తరబడి ఉంటుంది. 2010లో ఆండ్రూ లేసిస్, ఆయన తోటి నాసా పరిశోధకులు కంప్యూటర్ నమూనాలో ఒక ప్రయోగం చేశారు. నీటి ఆవిరిని అలాగే వదిలి, రాలిపోని గ్రీన్‌హౌస్ వాయువులన్నీ తీసేశారు. మొదటి ఏడాదే భూమి 4.6 డిగ్రీలు చల్లబడింది. చల్లబడ్డ కొద్దీ ఆవిరి రాలిపోయింది, అది రాలిన కొద్దీ ఇంకా చల్లబడింది. యాభై ఏళ్ళకు సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 21.

శుక్రుడిలో ఇదే గొలుసు ఎదురు దిక్కుకు, వేడెక్కిన కొద్దీ ఆవిరి, ఆవిరి పెరిగిన కొద్దీ వేడి అన్నట్టు నడిచినట్టుంది. అక్కడ మిగిలిన కొద్దిపాటి హైడ్రోజన్‌లో బరువైన రకం వాటా భూమి నీటిలో కన్నా వంద రెట్లకు పైగా ఉందని 1978లో వెళ్ళిన పయనీర్ వీనస్ కొలతల్లో తేలింది. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోగా బరువైనది మిగిలింది, అంటే ఒకప్పుడు అక్కడ ఇప్పటికన్నా చాలా ఎక్కువ నీరు ఉండేదన్నమాట. నీరు పోవడంతో కార్బన్‌ను రాయిగా మార్చే దారి కూడా మూసుకుపోయింది. భూమి మీద ఆ దారి తెరిచే ఉంది. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని, రాళ్ళను అరగదీసి, సముద్రంలో సున్నపురాయిగా పేరుస్తుంది. అలా రాళ్ళలో దాగిన కార్బన్‌ను మొత్తం లెక్కగడితే శుక్రుడి గాలిలో ఉన్నదానికి ఇంచుమించు సరితూగుతుంది.

ఆ నిల్వలో కొంత తెలుగు ఇళ్ళలోనే ఉంది. తాండూరు బండ, బేతంచర్ల బండ, కడప నల్లరాయి, అన్నీ సున్నపురాళ్ళే. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోల్లో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్. పల్నాడులోనూ తాండూరు చుట్టుపక్కలా సిమెంటు బట్టీల్లో ఈ రాయిని 900 డిగ్రీలు దాటించి కాలుస్తారు. కోట్ల ఏళ్ళ కింద సముద్రం దాచింది ఆ మంటకు పొగగొట్టంలోంచి మళ్ళీ గాలిలో కలుస్తుంది. బట్టీకి వాడే బొగ్గు పొగ దీనికి అదనం. గాలిలో పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద వాటా మాత్రం రాయిది కాదు, బొగ్గు, చమురు, గ్యాస్‌లది. పరిశ్రమల యుగానికి ముందు పది లక్షల గాలి అణువుల్లో 280 ఉండేవి. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 313. 2024 సగటు 424.

ఇంత జరుగుతున్నా వేడికి కారణం సూర్యుడేమోనన్న వాదన ఒకటి మిగిలే ఉంది. దాన్ని తేల్చే పరీక్ష 1967లోనే వచ్చింది. సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కలిసి గాలిని నిలువుగా పొరలుగా కోసి, ఏ పొరలో వేడి ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల దగ్గర 2.3 డిగ్రీలు పెరుగుతుందని వచ్చింది. దాంతో పాటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతుందనీ వచ్చింది. సూర్యుడే ఎక్కువ కాస్తే పైనా కిందా రెండూ వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ అయితే కింద వేడి, పైన చలి. ఆ ఎత్తున ఈ వాయువు చేసే ముఖ్యమైన పని వేడిని అంతరిక్షంలోకి వదలడమే, కాబట్టి వాయువు పెరిగితే అక్కడ చల్లదనం పెరుగుతుంది. తర్వాతి దశాబ్దాల్లో బెలూన్లు, ఉపగ్రహాలు కొలిచింది రెండో బొమ్మనే. ఓజోన్ తరుగుదల వల్ల కొంత చలి వచ్చినా, దాని ప్రభావం తక్కువగా ఉండే ఎత్తుల్లో కూడా చల్లబాటు కనబడింది. మనాబేకు 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ చలి ఇంకా పైకి, ఉపగ్రహాలు తిరిగే ఎత్తులదాకా పోయింది. చల్లబడిన గాలి ముడుచుకుంటుంది, దాంతో అదే ఎత్తున గాలి ఇంకా పలచబడుతుంది. పాత రాకెట్ల ముక్కలను, చెడిపోయిన ఉపగ్రహాలను నెమ్మదిగా కిందికి లాగి కాల్చేసేది ఆ పలచటి గాలి రాపిడే. రాపిడి తగ్గిన కొద్దీ ఆ చెత్త కక్ష్యలో ఎక్కువ ఏళ్ళు తిరుగుతుంది, పనిచేస్తున్న ఉపగ్రహాలకు తగిలే అవకాశమూ పెరుగుతుంది.